సొరుగులో కత్తెర

నా కత్తెర పన్నెండు అంగుళాలది. కొత్తవాళ్ళు చేతిలోకి తీసుకోబోతే నేను తీసుకోనివ్వను గానీ, చూసి మాత్రం "అమ్మో, ఇంత కత్తెరా మాస్టారూ!" అంటారు. ఎనిమిది పొరలు బట్ట పరిచి సుద్దగీత వెంట ఒక్క ఊపులో కోసుకుపోవాలంటే ఆ మాత్రం ఉండాలి మరి. పెళ్ళయిన కొత్తలో కొన్నాను. ఇరవై రెండేళ్ళయింది. సానపట్టేవాడిది తప్ప దాని మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు, మా ఆవిడతో సహా. మా పనిలో పద్ధతి అది. మిషను ఓనరుది, బల్ల ఓనరుది, ఆఖరికి సుద్దముక్క కూడా ఓనరుదే. కత్తెర మాత్రం మాస్టరుది.

ఆ కత్తెర మూలంగా ఒక ఎండాకాలమంతా మా ఇంట్లోనూ షాపులోనూ ఎవరికీ కుదురు లేకుండా పోయింది. నన్ను చట్టం పేరు, సెక్షను నంబరు అడక్కండి. నన్ను ఏడో క్లాసులోనే లెక్కలు ఆపేశాయి. ఆ చట్టం మా మీద ఎలా పడిందో అది మాత్రం చెప్పగలను.

మాది బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షాపు. ఒకటే పొడుగాటి గది. వరసగా మిషన్లు, చివర కిటికీ కింద నా బల్ల. షాపు మా బావమరిదిది, అంటే మా ఆవిడ తమ్ముడిది. అంతకుముందు మా మామగారిది. మా ఆవిడ కాజాల మిషను మీద కూర్చుంటుంది. ఆవిడతో కలిపి పనివాళ్ళు తొమ్మిదిమంది, నేను పదోవాణ్ణి. సాయంత్రం బెల్లు మోగగానే కత్తెరని నూనెగుడ్డతో తుడిచి నా బల్ల సొరుగులో పెడతాను. బావమరిది వచ్చి తాళం వేసి చెవి జేబులో వేసుకుంటాడు. పొద్దున మళ్ళీ తనే తీస్తాడు. మామగారు పెట్టిన అలవాటు. "కత్తెర ఎక్కడుంటే మాస్టరు అక్కడికొస్తాడు" అని నవ్వేవారాయన. నేనూ నవ్వేవాణ్ణి. బంగారం దాచినట్టు నా కత్తెరని దాస్తున్నారని నాకు లోపల్లోపల గొప్పగానే ఉండేది.

మా బావమరిది నన్ను షాపులో 'మాస్టరు' అంటాడు. ఏదైనా పని పడితే 'బావా' అంటాడు.

ఎండలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున్నే 'బావా' అన్నాడు.

దానికి రెండు రోజుల ముందే కాలర్లు కుట్టే పేపరాయన మాకు వార్త చదివి వినిపించాడు. టీ తాగేటప్పుడు పేపరు పైకి చదవకపోతే ఆయనకి టీ దిగదు, అందుకే ఆ పేరు.

"వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొత్త చట్టమర్రా. పదిమంది పనిచేసే చోట అందరికీ జబ్బు చేస్తే జీతంతో సెలవు. ఆస్పత్రి ఖర్చు. ముసలైపోయాక పింఛను. ఓనరు కూడా తన వంతు కట్టాల్సిందే."

"మరి తొమ్మిదిమందే ఉంటే?" అని అడిగాను.

"తొమ్మిదిమందికి జబ్బులు రావనుకున్నారేమో మాస్టారూ" అన్నాడు.

అందరం నవ్వాం. మా ఆవిడ నవ్వలేదు. కుడిచెయ్యి విదిలించుకుంటూ కూర్చుంది. కొన్నాళ్ళుగా ఆవిడకది అలవాటు. చేతికి దారప్పోగు అంటుకుందేమో, దులుపుకుంటోందేమో అనుకునేవాణ్ణి.

ఇక ఆ పొద్దున సంగతి. బావమరిది కూర్చునే చెక్క గదిలో ఆడిటరు కూడా ఉన్నాడు. నాకు కుర్చీ వేశారు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు వర్కరువేంటి బావా? సొంత కత్తెర ఉన్నవాడివి!" అన్నాడు బావమరిది.

"చట్టంలోనే ఉంది మాస్టారూ. సొంత పనిముట్టుతో చేసేవాళ్ళని సొంత వ్యాపారం కింద రాసుకోవచ్చు. మీరిక ప్రొప్రైటరు" అన్నాడు ఆడిటరు.

"పని మారుతుందా?"

"ఏమీ మారదు. ఇదే బల్ల, ఇదే పని. పేరే మారేది."

ఆడిటరు సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. అందులో రబ్బరు స్టాంపు. నా పేరు, దాని కింద 'కటింగ్ వర్క్స్', దాని కింద 'ప్రొప్రైటరు'. ముందే చేయించి తెచ్చారన్నమాట. నేను కాగితం చదవలేదు, స్టాంపే చదివాను. సంతకం చేసి, దాని పక్కన స్టాంపు గుద్దాను. అది కొంచెం వంకరగా పడితే ఇంకోటి గుద్దాను.

ఇంటికెళ్ళాక పాత క్యాలెండరు వెనక పది గుద్ది చూపించాను. మా ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది.

"మన షాపులో మొత్తం ఎంతమందిమి?"

"పదిమందిమి."

"మీరు ప్రొప్రైటరైతే?"

నేను వేళ్ళు మడవబోయాను. 

"తొమ్మిది" అని ఆవిడే చెప్పింది. తర్వాత స్నానాల గది వైపు చెయ్యి చూపించి, "ప్రొప్రైటరు గారూ, నీళ్ళు తోడుకుంటారా, లేకపోతే కొటేషను పంపమంటారా?" అంది.

ఆ మాటకి నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

ఆ వారంలోనే అన్నం గిన్నె ఆవిడ చేతిలోంచి జారి పడింది. జారిందనుకున్నాను. మర్నాడు దువ్వెన జారింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందన్నాడు. చిన్న ఆపరేషనే, కానీ తర్వాత ఆరు వారాలు ఆ చేత్తో ఏ పనీ చేయకూడదట. ఇలాగే వదిలేస్తే బొటనవేలికి పట్టు ఉండదట.

"ఎన్నాళ్ళ నుంచి తిమ్మిరి?" అని డాక్టరు అడిగాడు.

"రెండేళ్ళు" అంది మా ఆవిడ. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నాకు మాత్రం ఆ సంగతి అప్పుడే తెలిసింది.

మా బావమరిదికి ఎవరు చెప్పారో గానీ, ఆదివారం పొద్దున్నే పళ్ళ సంచితో వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదండీ. మామగారు పోయేనాటికి షాపు నెత్తిన బోలెడు అప్పులుంటే ఒక్క మిషను కూడా అమ్మకుండా నిలబెట్టాడు. ఆ రోజు కూడా అక్క చెయ్యి చూసి వాడి ముఖం చిన్నబోయింది.

"అక్కా, నువ్వు ఆపరేషను చేయించుకో. నేను చూసుకోనా?"

"ఏం చూసుకుంటావురా?"

"ఎంతో కొంత ఇస్తాను. నీకు కావాలంటే అడుగు. మనలో మనకి చట్టమేంటి?"

మా ఆవిడ పండు ఒలుస్తోంది, ఎడమచేత్తో. తొక్క ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"సీజన్లో ఆరు వారాలు ఇస్తావా?"

"సీజను అయ్యాక చేయించుకోవచ్చు కదక్కా. బడులు తెరిచేలోపల..."

"అదిగో. చూశావా?" అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. "నీ దయ అయితే ప్రతిసారీ అడగాలిరా. అడిగినప్పుడల్లా నీకు తీరిక ఉండాలి. సెలవైతే రాసుకుంటే చాలు."

వాడు నా వైపు చూశాడు. నేను పళ్ళ సంచి వైపు చూశాను.

ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. బల్ల దగ్గర నిలబడితే ఇంటి ధ్యాస, ఇంట్లో కూర్చుంటే షాపు ధ్యాస. ఒకరోజు గీత తప్పి మెడ కోశాను. ఎనిమిది చొక్కాల మెడలు! ఇరవై రెండేళ్ళలో అలాంటి పని చేయలేదు. మిషన్ల వాళ్ళు ఏమీ అనలేదు. వాళ్ళకి అప్పటికి లెక్క తెలిసిపోయింది. నేను సంతకం పెట్టడం వల్ల వాళ్ళు తొమ్మిదిమంది అయిపోయారని పేపరాయన పేపరులో లేకపోయినా చదివేశాడు. ఎవరూ తిట్టలేదు. అదే నాకు ఎక్కువైంది. టీ తాగేటప్పుడు మాత్రం "ప్రొప్రైటరు గారికి కుర్చీ వేయండర్రా" అనేవాడు పేపరాయన. కుర్చీ ఎవరూ వేసేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా పన్నుల ఆఫీసు నుంచి కవరు వచ్చింది. సొంత వ్యాపారం కాబట్టి ఇకనుంచి మూడు నెలలకోసారి నేనే లెక్క చూపించాలట. గడువు దాటితే జరిమానా. ముందుగా నా వ్యాపారం గురించి ఒక ఫారం నింపి పంపాలి. ఆడిటరుకి ఫోను చేస్తే, "తెండి, చూద్దాం, ఫీజు సంగతి తర్వాత" అన్నాడు. ఈ ఫీజు సంగతి సంతకం రోజున లేదు. పోనీ నేనే నింపుతానని కూర్చున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని ప్రశ్న చదివింది. ఆవిడ నాకన్నా మూడు క్లాసులు ఎక్కువ.

"మీ ఖాతాదారులు ఎంతమంది?"

"ఒకడు" అని రాశాను. పక్కన బ్రాకెట్లో 'బావమరిది' అని కూడా రాశాను. వాళ్ళు అడగలేదు, చెబితే మంచిదనిపించింది.

"మీ పని వేళలు మీరే నిర్ణయించుకుంటారా?"

"బెల్లు మోగినప్పుడు మొదలు, మళ్ళీ మోగినప్పుడు ఆపు."

"బెల్లు ఎవరు కొడతారు అని వాళ్ళకి డౌటు వస్తుంది. రాయండి."

రాశాను.

"మీకు వీలు కానప్పుడు మీ బదులు ఇంకొకరిని పంపగలరా?"

"పంపను. నా కత్తెర ఎవరికీ ఇవ్వను."

"పనిముట్ల వివరాలు."

"కత్తెర ఒకటి. పన్నెండు అంగుళాలు. మంచి స్థితిలో ఉంది."

స్టాంపు గుద్దాను. ఈసారి నిటారుగా పడింది. మా ఆవిడ కాగితం మొత్తం ఇంకోసారి చదివి, "అన్నీ నిజాలే రాశారా?" అంది.

"అబద్ధం రాయాలంటే కూడా చదువుండాలే" అన్నాను.

అంతే. పోస్టులో వేశాను. దాని వల్ల ఏదో జరుగుతుందని నాకు తెలియదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

మూడు వారాలకి లేబరాఫీసు నుంచి షాపుకి ఫోను. రేపు మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నామని. పన్నులవాళ్ళు నా ఫారం చూసి వాళ్ళకి పంపారట. మా బావమరిది ఫోను పెట్టేసి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బావా, ఏం రాశావు ఆ ఫారంలో?"

"ఉన్నదే రాశాను."

"ఉన్నది రాయడానికి నువ్వెందుకు, ఆడిటరున్నాడుగా!" అని తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందే షాపు తెరిచి కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి నా సొరుగు తాళం తీసి ఉంది. చెవి వాడి చేతిలో ఉంది. దాన్ని నా చొక్కా జేబులో వేశాడు. పైనించి జేబు మీద తట్టాడు కూడా.

"ఇకనుంచి ఇది నీ దగ్గరే ఉంటుంది బావా. తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ అడిగితే చూపించు. అబద్ధం కాదుగా, నీ జేబులోనే ఉందిగా."

నేను బట్ట పరచడం మొదలెట్టాను.

"పదిమందని తేలితే నేను తట్టుకోలేను. ఈ సీజను నష్టంతోనే పోతుంది. అప్పుడు ఒకళ్ళని తగ్గించుకోవాలి. ఎవర్ని తగ్గించమంటావు, నువ్వే చెప్పు. పేపరాయన్నా? నలుగురు పిల్లలు. ఎవర్ని?"

వాడు నన్ను తగ్గిస్తానని అనలేదు. కానీ పదో మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. యాభై దాటినవాణ్ణి కొత్త షాపులో ఎవరు పెట్టుకుంటారు? ఇప్పుడన్నీ కరెంటు కట్టర్లు వచ్చాయి. మా ఆవిడ ఆపరేషనుకి తారీకు కూడా తీసుకోలేదింకా. నా జీతం కూడా పోతే ఇల్లెలా నడవాలి? పొద్దున్నుంచీ ఆ చెవి గుండెల మీద ఎంత బరువుందో! అరతులం ఇనుము కూడా ఉండదు.

ఆఫీసరమ్మ నాకు కూతురి వయసుది. ఎండలో నడిచొచ్చినట్టుంది, ముందు మంచినీళ్ళు అడిగి తాగింది. హాజరు పుస్తకం చూసింది, తొమ్మిది పేర్లు చదివింది, తొమ్మిదిమందినీ చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. చేతిలో నా ఫారం ఉంది.

"ఈ కత్తెర మీదేనా అండీ?"

"నాదేనమ్మా."

"బాగా చూసుకుంటున్నారు" అంది. ఆ మాట బాగుంది నాకు. "పదును ఎవరు పెట్టిస్తారు?"

"సానవాడు వస్తాడు. షాపు తరఫున."

"వేరే షాపులకి ఏమన్నా కోసిచ్చారా ఎప్పుడైనా?"

"లేదమ్మా."

"అడిగినవాళ్ళు లేకా?"

"అడిగారు. ఆదివారాలు వచ్చి కోయమన్నారు ఒకళ్ళు." అక్కడ ఆగాను. నిజానికి నేనెందుకు వెళ్ళలేదో అంతవరకూ ఆలోచించలేదు. ఆదివారం కత్తెర సొరుగులో ఉంటుంది. అంతే కారణం.

"సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు కత్తెర పట్టుకెళ్తారా?"

"లేదు. ఈ సొరుగులో పెడతాను."

"తాళం?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పేపరాయనది ఆగింది. మా ఆవిడది కూడా ఆగింది. బావమరిది చెక్కగది గుమ్మంలో నిలబడి నా జేబునే చూస్తున్నాడు.

నేను చెవి తీసి బల్ల మీద పెట్టాను.

"మీ దగ్గరే ఉంటుందన్నమాట" అంది ఆఫీసరమ్మ రాసుకోబోతూ.

"ఆ."

"ఎప్పట్నుంచి ఉంటోంది?"

"ఇవాళ పొద్దున్నుంచి" అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది, తర్వాత మా బావమరిదిని చూసింది. కాగితం మీద ఒక లైను రాసింది. మంచినీళ్ళకి థాంక్సు చెప్పి వెళ్ళిపోయింది.

మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. మా ఆవిడ వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. సుద్ద తీసుకుని గీసిన గీత మీదే మళ్ళీ గీసుకుంటూ నిలబడ్డాను.

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. షాపులో పదిమంది. నా స్టాంపు చెల్లదు.

ఆ పది రోజులూ, ఆ తర్వాత ఇంకో రెండు శనివారాలూ మేం ఎలా గడిపామో చెప్పలేను. శనివారమే జీతాల రోజు. 'రేపట్నుంచి రావద్దు' అనేది కూడా శనివారమే. కవరు అందుకుని, ఇంకేమైనా అంటాడేమోనని ఒక్క క్షణం ఆగేవాళ్ళం అందరం. వాడు ఏమీ అనేవాడు కాదు. నాతో అసలు మాటే లేదు. 'మాస్టరు' అనడం కూడా మానేశాడు. సైజుల చీటీ బల్ల మీద పడేసి పోయేవాడు. షాపు ఖర్చు మీద వచ్చే టీ ఆగిపోయింది. పేపరాయన ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుని, అందులోదే తాగుతూ వార్తలు చదివాడు. నా సొరుగు తాళం చెవి ఆ రోజు పెట్టిన చోటే ఉండిపోయింది. నేను తీయలేదు, వాడూ తీయలేదు. చివరికి ఎవరో సుద్దముక్కల డబ్బాలో పడేశారు.

ఎవర్నీ తగ్గించలేదు. కొత్త మిషను కొనాలని అడ్వాన్సు ఇచ్చాడు, అది వెనక్కి తెచ్చుకున్నాడని మాత్రం తెలిసింది. హాజరు పుస్తకంలో పదో వరసలో నా పేరు రాశాడు. ఇంటి అల్లుణ్ణని అంతవరకూ నా పేరు అందులో ఎక్కలేదు, ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటిసారి హాజరు వేసుకున్నాను.

మా ఆవిడకి సీజను మధ్యలోనే ఆపరేషను జరిగింది. ఆవిడ ఎవర్నీ అడగలేదు. సెలవు కాగితం రాసి, దానికి డాక్టరు చీటీ పిన్ను పెట్టి, నా చేత పంపించింది. వాడు తీసుకుని చదవకుండా సొరుగులో వేసుకున్నాడు.

మర్నాడు కాజాల మిషను మీద ఎవరు కూర్చుంటారా అని చూస్తున్నాం. పదకొండో మనిషిని తేవడం వాడికి ఇష్టం లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి తనే కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పాడట. మొదటి రోజు కాజాలు చూసి పేపరాయన, "ఇందులోంచి గుండీ కాదు, గుమ్మడికాయ దూరుతుంది సారూ" అన్నాడు. ఎవరూ నవ్వకూడదని గట్టిగా పట్టుకున్నాం. ముందు వాడే నవ్వాడు.

పొద్దున పది పేర్లకీ హాజరు చూడటం, వాళ్ళ అక్క వరసలో 'సె' అని రాయడం, వెళ్ళి అక్క మిషను మీద కూర్చోవడం. రోజూ ఇదే. మూడో వారం అనుకుంటా, నేను బట్ట పరుస్తూ తలెత్తి చూస్తే వాడు కుడిచెయ్యి విదిలించుకుంటున్నాడు. అచ్చం వాళ్ళ అక్క విదిలించుకున్నట్టే. కాసేపటికి మళ్ళీ. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి సుద్దముక్క ఒకటి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"బావా."

 పని పడితేనే కదా ఆ పిలుపు.

"అక్కకి ముందు ఏ వేలు తిమ్మిరెక్కింది?"

"నాకు తెలియదురా" అన్నాను. నిజమే చెప్పాను. "నేనెప్పుడూ అడగలేదు."

 వాడు సుద్దముక్క డబ్బాలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

బడులు తెరిచాక, మొదటి వాన పడిన వారంలో మా ఆవిడ పనిలోకి వచ్చింది. వస్తూనే హాజరు పుస్తకం తీసి తన వరస చూసుకుంది. ముప్పై ఆరు 'సె'లు. అన్నీ వాళ్ళ తమ్ముడి రాతే. ఎడమచేతి వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపింది. తర్వాత మిషను దగ్గరికి వెళ్ళింది.

"లేరా. నా చోటు."

"ఈ ఒక్క చొక్కా అయిపోనీ అక్కా."

"లే."

లేచాడు. లేస్తూ చెయ్యి విదిలించాడు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది. వాడు ముఖం చిట్లించాడు.

"డాక్టరుకి చూపించుకో. సెలవు పెట్టు."

"ఓనరుకి సెలవెక్కడిదక్కా?" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతు నవ్వలేదు. "నాకెవరిస్తారు?"

మా ఆవిడ సీట్లో కూర్చుని, దారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండా అంది.

"నన్నడుగు. ఇస్తాను."